ఫోనులో డాక్టరమ్మ, కప్పు తట్టే ఓదెలు

మా కాలనీ అమ్మాయి ఒకతె నర్సు చదువు ముగించి, తెర మీద డాక్టరు కనబడే గదిలో ఉద్యోగానికి చేరింది. రోగి ఇక్కడ కూర్చుంటాడట, డాక్టరు హైదరాబాదులో కూర్చుంటాడట. మిఠాయి ఇవ్వడానికి మా ఇంటికి వచ్చి, "తాతా, మీ కాలంల గిట్లాంటియి ఏమున్నయి, కట్లు కట్టుడే గదా" అంది. నోట్లో మిఠాయి ఉంది గనుక ఊరుకున్నాను.

ఏమున్నయా! గోదావరిఖనిలో మా బొగ్గుగని కాలనీ దవాఖానలో చివరి తొమ్మిదేళ్లు నేను చేసింది ఆ పనే. తెర లేదు, ఫోను ఉంది. కాగితం మీద నా ఉద్యోగం డ్రెస్సర్, అంటే పుండు కడిగి కట్టు కట్టేవాడు. అసలు చేసింది మాత్రం ఈ చివర రోగినీ ఆ చివర డాక్టరునూ ఒక తీగతో కలపడం. రాష్ట్రం వచ్చిన ఏడు నేను రిటైరైతే, శాలువా కప్పి మాట్లాడిన నలుగురిలో ఒక్కరూ ఆ ఫోను ఊసెత్తలేదు. అందుకే ఇది రాస్తున్నాను. ఆ అమ్మాయి కోసం, ఆమె తర్వాత వచ్చేవాళ్ల కోసం.

ముందే చెప్పేస్తాను, నేను బడిలో చదివింది ఐదో తరగతి. మిగతాదంతా మందు డబ్బాల్లో మడిచిపెట్టే కాగితాలు, అట్ట ఊడిన ఒక ఇంగ్లీషు నిఘంటువు, ముప్పై ఏళ్ల రోగులు నేర్పినది. "చదువుకోనివాడివి, నీకేం తెలుసు" అని నన్ను అన్నవాళ్ల పేర్లు ఇప్పటికీ వరసగా గుర్తున్నాయి. ఇక్కడ రాయను. వాళ్లలో కొందరికి బీపీ ఉంది.

డాక్టరు పోయి ఫోను వచ్చింది

మా దవాఖానలో పాత డాక్టరు సారు ఒకాయన ఉండేవారు. రోగి గడప దాటగానే లేచి ఎదురెళ్లి చెయ్యి పట్టుకునేవారు. మర్యాద అనుకునేవాళ్లు అందరూ. ఆ పట్టుకోవడంలోనే ఆయన నాడి, వేడి, చెమట, వణుకు అన్నీ చూసేసేవారు. "మల్లయ్యా, నోరు అబద్ధమాడుతుంది, అరచెయ్యి ఆడదు" అనేవారు నాతో. నా పైన పనిచేసిన పెద్దలందరిలో మనసారా గౌరవించదగినవాడు ఆయనే.

అలాంటి మనిషిని కొత్తగూడెం బదిలీ చేశారు. ఆ కుర్చీలోకి ఎవరూ రాలేదు. నెల చూశాం, రెండు నెలలు చూశాం. ఖాళీ కుర్చీకి దండ వేసి దీపం పెడదామా అని ఆడవాళ్లు నన్ను ఎగతాళి చేశారు, బదిలీ చేసింది నేనే అన్నట్టు.

చివరికి పెద్ద దవాఖాన నుంచి కాగితం వచ్చింది. రోజూ పదకొండు నుంచి ఒంటిగంట దాకా అక్కడ ఒక డాక్టరమ్మ ఫోను దగ్గర కూర్చుంటుంది. మా రోగులు ఇక్కణ్నుంచే ఆమెతో మాట్లాడాలి. ఆమె చెప్పింది నేను రిజిస్టరులో రాస్తే, కిటికీ దగ్గర కంపౌండరు మందు ఇస్తాడు. తప్పనిసరైతేనే రోగిని పెద్ద దవాఖానకు పంపాలి. అప్పటికి సెల్లులు ఒక్కొక్కటిగా జేబుల్లోకి వస్తున్నాయి. కానీ డాక్టరమ్మ దొరికేది మాత్రం మా బల్ల మీది కంపెనీ ఫోనులోనే. దానికి స్పీకరు మీట కూడా ఉండేది.

ఆమె పేరు వసుంధర. కోస్తా నుంచి వచ్చిన మనిషి. గొంతు గంభీరంగా, మాట మెత్తగా ఉండేది. ప్రతి మాట చివర "అండి" పెట్టేది. ఆ "అండి" విని మొదటి వారం మావాళ్లు కొందరు, ఎవరినో అంటున్నదేమో అని వెనక్కి తిరిగి చూశారు. ముప్పై ఏళ్లు బొగ్గు తవ్వినవాణ్ని "మీరు" అన్న మనిషి అంతకుముందు లేడు మరి.

వాళ్లు ఏమన్నారంటే

రోగులకు అభిప్రాయం ఉండదని మా పైవాళ్ల నమ్మకం. మాత్ర ఇస్తే మింగుతారు, సూది వేస్తే "అబ్బ" అంటారు, అంతే అనుకుంటారు. నా అనుభవంలో రోగికి మందు మీద ఒక అభిప్రాయం, డాక్టరు మీద రెండు, నా మీద నాలుగు ఉండేవి.

బొగ్గు తొట్లు లాగే హాలేజీ మీద పనిచేసే సమ్మయ్యకు ఫోను డాక్టరు తెగ నచ్చింది. "కాకా, పెద్ద దవాఖానల లైన్ల నిలబడితే షిఫ్టు పోతది. గీడ పది నిమిషాల్ల పని ఖతం" అనేవాడు. ఒక పెద్దాయన మాత్రం ఫోనులో మాట్లాడటానికే తలకు నూనె రాసి, ఉతికిన అంగీ తొడుక్కొని వచ్చేవాడు. "గామెకు కనబడదు గదనే" అంటే, "నాకు కనబడతది గద" అన్నాడు. అదీ నిజమే.

మొదటి వారంలో డాక్టరమ్మ అలవాటు కొద్దీ "నాలుక చూపించండి" అంది ఒక అవ్వతో. అవ్వ రిసీవరు ముందు నాలుక చాపింది. అక్కడ డాక్టరమ్మకు తన పొరపాటు తెలిసి నవ్వు ఆపుకోలేకపోయింది. అవ్వ నాలుక లోపలికి తీసుకొని, "ఏందిర మల్లిగా, గంత గలీజుగున్నదా?" అని నన్ను అడిగింది.

ఆడవాళ్ల సంగతి వేరు. మా ఫోను వరండాలోకి తెరిచి ఉన్న గదిలో ఉండేది. స్పీకరు పెడితే బెంచీ మీది ఇరవై మందీ వినేవాళ్లు. "ఫోన్ల చెప్పుడంటే చౌరస్తాల మైకు పెట్టినట్టే" అని సగంమంది వెనుదిరిగారు. నాకు ఒళ్లు మండింది. ఫోను పంపినవాళ్లకు ఒక తలుపు పంపాలన్న బుద్ధి లేకపోయింది! తీగ పొడుగు చేయించి, కట్టు కట్టే గదిలోకి లాగి, ఆకుపచ్చ పరదా వేలాడదీశాను. స్పీకరు మానేసి, రిసీవరు చేతికిచ్చి బయటికి వచ్చేవాణ్ని. ఒక చిన్నకోడలు లోపలికి పోయి చాలాసేపు మాట్లాడింది. బయటికి వచ్చి, "ముఖం సూడకపోతేనే మంచిగున్నది కాకా, నోరు లేసింది" అంది. పాత డాక్టరు సారు ముందు ఆ పిల్ల మూడేళ్లలో "కడుపునొప్పి" అన్న ఒక్క మాటే చెప్పింది. చెయ్యి పట్టుకునే డాక్టరు అందరికీ మంచివాడే, కానీ కొందరికి చెయ్యి పట్టుకోని డాక్టరే కావాలి. ఇది నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

గట్టిగా ఎదురు తిరిగింది మాత్రం మా పక్క క్వార్టరు లచ్చవ్వ. "నా ముఖం సూడని మనిషికి నా ఒంటి సంగతి ఎందుకు చెప్పాలె? ఎడ్లను కొన్నా పండ్లు సూసి కొంటం. నేను ఆ నల్ల డబ్బతోని మాట్లాడ" అని ఒట్టు పెట్టుకుంది. జ్వరమొస్తే మిరియాల కషాయం తాగి పడుకునేది గానీ ఫోను ముట్టలేదు. డాక్టరమ్మ ఎలా ఉంటుందన్న దాని మీద కాలనీలో పందేలు నడిచేవి. "గా గొంతు సూడు, మనిషి ద్వారబంధం నిండ ఉంటది" అని లచ్చవ్వే తీర్పు చెప్పింది.

టిక్కుల కాగితం

ఒక ఏడాది గడిచాక పైనుంచి ఒక ఫారం వచ్చింది. ఫోను వైద్యం మీద రోగుల అభిప్రాయం రాయాలి. "తృప్తిగా ఉన్నారా?" అని ఒకటే ప్రశ్న, పక్కన రెండు గడులు.

నేను నెల రోజులు కూర్చొని అందరినీ అడిగాను. వాళ్లు అన్నది అన్నట్టే ఫారాల వెనక రాశాను. మైకు సంగతి, నూనె రాసుకున్న పెద్దాయన సంగతి, ఎడ్ల పండ్ల సంగతి. ఫారాలు చూసి ఆఫీసరు సారు నన్ను పిలిపించారు.

"ఇదేంటయ్యా, నీ కథలు ఎవరడిగారు?"

"నావి కావు సార్, రోగులవి. అభిప్రాయమే గద అడిగిండ్రు?"

"అభిప్రాయం అంటే టిక్కు. టిక్కు పెట్టడం రాదా?"

"నాకు వస్తది సార్. వాళ్ల మాటకే టిక్కుల పట్టుడు వస్తలేదు."

ఆ జవాబు నాకు చాలా నచ్చింది. ఆయనకు నచ్చలేదు. మర్నాడు కొత్త ఫారాలు వచ్చాయి, టిక్కులు ముందే పెట్టి ఉన్నాయి. అందరూ తృప్తిగా ఉన్నారు. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు, తగ్గాలని కోరిక కూడా లేదు. అయితే అదే రోజుల్లో నేనూ ఆ ఆఫీసరు చేసిన పనే చేస్తున్నాను. అది తెలిసింది తర్వాత.

నా తప్పు

లచ్చవ్వ భర్త ఓదెలు. నాకంటే రెండేళ్లు పెద్ద, అన్న అని పిలిచేవాణ్ని. బాయిలో, అంటే బొగ్గు గనిలో, టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట పైన కప్పు కూలకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టే పని. దానికంటే ముందు కప్పు తట్టి చూడాలి. కర్రతో పైకి తట్టినప్పుడు రాయి గట్టిగా పలికితే మంచిది, దాని కింద నిలబడొచ్చు. డప్పులా డొల్లగా పలికితే రాయి విడిపోయి ఉందని అర్థం, ఎప్పుడైనా కూలుతుంది, అక్కణ్నుంచి జరగాలి. గ్యాంగు మీద అజమాయిషీ చేసే సర్దారు చూసి సరే అన్నా కూడా, ఓదెలన్న తట్టి తల ఊపితే తప్ప ఆ గ్యాంగు ముందుకు అడుగు వేసేది కాదు. ఆయన చెవి వల్ల బతికినవాళ్లు మా కాలనీలో చాలామంది. ఆ చెవే ఆయన గర్వం.

తెలంగాణ కోసం అందరూ పనులు ఆపిన ఏడు, వానాకాలంలో ఆయనకు దగ్గు పట్టుకుంది. ఎడమ పక్క పొడుస్తున్నదన్నాడు. ఫోనులో చూపిస్తానన్నాను. పెద్ద దవాఖాన మాటెత్తితే మాత్రం, "వద్దు తమ్మీ. ఆడికి పోతే ఛాతి ఫొటో తీస్తరు, ఏదన్న కనబడితే అన్‌ఫిట్ అని రాస్తరు. పైన కూసోబెట్టి చీపురిస్తరు. బాయి దిగకుంటే నేనేంది?" అన్నాడు. అదీ ఆయన భయం. ఊపిరి పోతుందని కాదు, బాయి పోతుందని.

ఇక నా తప్పు. పరదా వేసింది ఆడవాళ్ల కోసం. మగవాళ్లకు నేనే మాట్లాడేవాణ్ని. ఎందుకంటే నాకు ఇంగ్లీషు మాటలు వచ్చు. రోగి ఐదు నిమిషాలు చెప్పింది నేను రెండు మాటల్లో చెబితే, అటునుంచి డాక్టరమ్మ "గుడ్, మల్లయ్యగారూ" అనేది. ఆ "గుడ్" కోసం నేను ఏమైనా కుదించేవాణ్ని. ఐదో తరగతి వాడికి ఆ మాట ఎంత తీపిగా ఉంటుందో చదువుకున్నవాళ్లకు తెలియదు.

ఓదెలన్న "పక్కల సూదులు గుచ్చినట్టున్నది, మెట్లెక్కితే ఆగాల్సి వస్తాంది, సాయంత్రమైతే చలి పుడుతాంది" అన్నాడు. నేను ఫోనులో "కఫ్ అండ్ బాడీ పెయిన్స్ మేడమ్" అన్నాను. రెండోసారీ అదే. మూడోసారి డాక్టరమ్మ, "ఆయనకివ్వండి, నేను మాట్లాడతాను" అంది. ఆమె "ఎలా ఉన్నారండి?" అని అడిగింది. మా దగ్గర పెద్ద మనిషి అలా అడిగితే ఏమనాలో అదే అన్నాడు ఓదెలన్న. "మీ దయవల్ల మంచిగున్న తల్లీ. నేను గూడ తట్టి సూసుకున్న, ఏం ఫికర్ లేదు." తట్టి చూసుకోవడమేమిటో ఆమెకు అర్థం కాలేదు. నాకు అర్థమై ఉండాల్సింది, కానీ నేను నవ్వాను. దగ్గు మందు ఇంకో సీసా రాసింది.

మూడు సీసాలు నా చేతి రాతతో రిజిస్టరులో ఉన్నాయి. ఆఫీసరు రోగుల మాటలను టిక్కులు చేశాడని మండిపడ్డాను. నేను వాటిని రెండు ఇంగ్లీషు ముక్కలు చేశాను. ఇద్దరం ఒకటే.

బంద్‌లో ఒక పొద్దు

బాయిలు ఆగిపోయాయి, బస్సులు ఆగిపోయాయి, ఆటోలు కూడా ఆగిపోయాయి. రోడ్ల మీదే పొయ్యిలు పెట్టి వండుకొని తింటూ నిరసన తెలుపుతున్నారు. దవాఖాన పని ఒక్కటే నడుస్తోంది. ఒకరోజు పదకొండు గంటలకు లచ్చవ్వ భర్తను రెక్క పట్టుకొని తీసుకొచ్చింది. నాలుగు అడుగులకోసారి ఆగుతున్నాడు. పెదవులు వాడిపోయి ఉన్నాయి. అయినా నన్ను చూసి, "మంచిగనే ఉన్న మల్లయ్యా, గీమెదే లొల్లి" అన్నాడు.

నేను ఫోను కలిపాను. "మేడమ్, కఫ్..." అన్నానో లేదో, లచ్చవ్వ నా చేతిలోంచి రిసీవరు గుంజుకుంది. ఆరేళ్లుగా నల్ల డబ్బతో మాట్లాడనన్న మనిషి!

"డాక్టరమ్మా, ఈ మల్లయ్య చెప్పేది ఇనకు. నా మొగుడు చెప్పేది అసలే ఇనకు. నేను చెప్త. వారం దినాల సంది మనిషి పండుతలేడు. పండితే దమ్ము ఆడుతలేదు, గోడకు ఒరిగి కూసుంటాండు. ఒరిగినా ఎడమదిక్కే ఒరుగుతాండు. పొద్దూకితే ఒళ్లు పెనం లెక్క కాలుతాంది. ముద్ద సగం తిని చెయ్యి కడుగుతాండు. రెండు నెలల కింద కుట్టిచ్చిన అంగీల గిప్పుడు ఇద్దరు పడతరు. మంచిగున్న అంటడు. ఏం మంచిగ? మన్ను మంచిగ!"

డాక్టరమ్మది గంభీరమైన గొంతు, రిసీవరు దాటి నాకూ వినబడింది. "అమ్మా, మీ పేరేమిటండి?" అంది.

"నా పేరెందుకు, రోగం ఆయనకైతే?"

"ఈ ఫోనులో ఇంత బాగా నాకెవరూ చెప్పలేదు. అందుకు."

లచ్చవ్వ మొదటిసారి తగ్గి, "లచ్చవ్వ" అంది.

డాక్టరమ్మ నన్ను స్పీకరు పెట్టమంది. ఆయన చొక్కా విప్పించి వీపు మీద తట్టాలంది. "నాకు రాదమ్మా" అన్నాను. ముప్పై ఏళ్లలో ఆ మాట అనడం అదే మొదలు. ఆమె ఓపికగా నేర్పింది. ఎడమచేతి మధ్యవేలు పక్కటెముకల నడుమ ఆనించాలి, కుడిచేతి మధ్యవేలి కొనతో దాని మీద కొట్టాలి. పైనుంచి కిందికి రావాలి. కుడి, ఎడమ పోల్చుకోవాలి.

కొట్టాను. "నాకిక్కడ గరగర తప్ప ఏమీ వినబడటం లేదు. మీకు తేడా తెలుస్తోందా?" అంది. నాకు అన్నీ ఒకలాగే ఉన్నాయి. మళ్లీ కొట్టాను. అంతలో తల వంచుకొని కూర్చున్న ఓదెలన్న అన్నాడు:

"ఏందిర తమ్మీ గా కొట్టుడు? గోడకు మొల దిగగొడుతున్నవా? చెయ్యి మొత్తం లేపకు. మణికట్టు కాడి నుంచి కొట్టి ఇడువు... ఆఁ, గట్ల."

కళ్లు మూసుకున్నాడు. బాయిలో దీపం వెలుగులో అలాగే మూసుకుంటాడని అందరూ చెప్పగా విన్నాను. నేను కొడుతుంటే ఆయన చెప్పుకుంటూ పోయాడు. "డొల్ల. ఇటు కొట్టు, డొల్ల. కుడిదిక్కు కిందికి రా. డొల్ల, డొల్ల. ఇగ ఎడమదిక్కు. డొల్ల... ఆగు. మళ్ల కొట్టు. గట్టి. కింద మొత్తం గట్టి. బండ లెక్క గట్టి."

కళ్లు తెరిచాడు. ముఖం వెలిగిపోతోంది.

"ఇన్నవానే లచ్చవ్వా! నేను చెప్తలేనా? రోజు పక్కబొక్కలు తట్టుకొని సూసుకుంటాన. ఎడమదిక్కు కప్పు బండ లెక్కున్నది. ఏమన్న భయముంటె కుడిదిక్కే, మొత్తం డొల్ల!"

"ఓదెలుగారూ," అంది డాక్టరమ్మ, ఒక్కో మాట విడదీసి, "ఆ గట్టిది ఎక్కణ్నుంచి మొదలవుతోందండి?"

"రెక్క ఎముక కింది కొస కాడి నుంచి తల్లీ. గీత గీసినట్టున్నది."

"మీ చెవి సరిగ్గానే విన్నది. కానీ ఒంటికి లెక్క వేరండి. ఛాతీలో గాలి ఉండాలి. డొల్లగా పలికితే గాలి ఉన్నట్టు, అది మంచిది. బండలా పలికితే గాలి ఉండాల్సిన చోట నీళ్లు చేరినట్టు."

ఓదెలన్న తన ఎడమ పక్క మీద చెయ్యి వేసుకున్నాడు. నెమ్మదిగా అడిగాడు. "ఉల్టానా తల్లీ?"

"ఉల్టానే అండి. ఇప్పుడే బయల్దేరి రండి. ఆలస్యం చెయ్యొద్దు."

రెండు నెలలుగా ఆ మనిషి ధైర్యంగా ఎందుకున్నాడో అప్పుడు తెలిసింది. దినదినం తట్టుకున్నాడు, దినదినం గట్టిపడుతుంటే దినదినం సంతోషించాడు. లచ్చవ్వ "నీ కప్పు..." అని తిట్టబోయి నాలుక కరుచుకుంది. బాయి పనివాళ్ల ఇళ్లలో ఆ మాట పూర్తి చెయ్యరు.

"అన్‌ఫిట్ రాస్తరు మల్లయ్యా" అన్నాడు ఓదెలన్న, అంగీ గుండీలు తప్పుగా పెట్టుకుంటూ.

"రాస్తే రాయనియ్యి. చీపురు పట్టుకున్నోడు ఇంటికన్న వస్తడు" అంది లచ్చవ్వ.

అంబులెన్సు ఒక కాన్పు కేసుతో కరీంనగర్ పోయి ఉంది. ఎదురుగా చెట్టు కింద ఆటో పెట్టుకొని పడుకున్న పిల్లగాణ్ని లేపాను. "బంద్ గద కాకా" అన్నాడు. "ఓదెలన్నకు" అన్నాను. చెప్పులు తొడుక్కోకుండానే ఎక్కి బండి స్టార్ట్ చేశాడు. వాళ్ల నాయన ఓదెలన్న గ్యాంగులో చేసినవాడే. నేనూ వాళ్ల వెంట ఎక్కాను.

పెద్ద రోడ్డు మీద అడ్డంగా మూడు పొయ్యిలు, వాటి మీద పెద్ద పెద్ద గంజులు, అన్నం కుతకుత ఉడుకుతోంది. ఆటోను చూసి పదిమంది లేచారు. లోపల ఎవరున్నారో చూడగానే ఒకడు అరిచాడు, "పొయ్యి జరుపుండ్రి, పెద్దన్న పోతాండు!" తడిపిన గోనెసంచులు చుట్టుకొని నలుగురు ఉడికే గంజు ఎత్తి పక్కన పెట్టారు. తెలంగాణ వచ్చేదాకా ఎవరికీ తొవ్వ ఇయ్యమన్నవాళ్లు, నిప్పులు కాలితో నెట్టి తొవ్వ ఇచ్చారు. ఒకడు ఆటో పక్కన పరుగెత్తుతూ, "ఏమైందే పెద్దన్నా?" అని అడిగాడు.

"ఏం లేదుర, జర గట్టిగైన!" అన్నాడు ఓదెలన్న. వాడికి అర్థం కాక నవ్వి ఆగిపోయాడు. ఇంకొకడు లచ్చవ్వ ఒళ్లో విస్తరాకులో ఇంత పప్పన్నం పెట్టాడు. ఆమె తిడుతూనే పట్టుకుంది.

గింతే ఉన్నవా తల్లీ

డాక్టరమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. ద్వారబంధంలో సగం కూడా లేదు. సన్నగా, పొట్టిగా, బడిపిల్లలా ఉంది. లచ్చవ్వ ఆమెను పైనుంచి కిందికి చూసి, "గింతే ఉన్నవా తల్లీ! గంత గొంతు యాడ దాసుకున్నవ్?" అంది. పందెం ఓడిన బాధ ఆమె ముఖంలో కనబడింది.

డాక్టరమ్మ ఓదెలన్న వీపు తట్టి, ఆయన చెప్పిన గీత దగ్గరే వేలు ఆపింది. ఎక్స్‌రే ఫొటో తీశారు. సూది గుచ్చి నీళ్లు లాగారు. ఎండుగడ్డి రంగు నీళ్లు సీసాలోకి దిగుతుంటే ఓదెలన్న ఒరగా చూస్తూ, "బాయిల నీళ్లు ఊరితే పంపు పెట్టి తోడుతరు. గిదిగూడ గంతేనా?" అన్నాడు. "అంతేనండి" అంది. ఆ రాత్రి ఆయన వెల్లకిలా పడుకొని గురక పెట్టాడట. ఆ గురక విని లచ్చవ్వ ఏడ్చిందట. పెళ్లైనప్పటినుంచీ ఆ గురకను తిట్టిన మనిషే.

అది టీబీ వల్ల చేరిన నీరు. ఆరు నెలలు మందు. "అన్‌ఫిట్ రాస్తవా తల్లీ?" అని అడిగాడు. "ఒక్క పూట కూడా మానకుండా వేసుకోండి. ఆరు నెలల తర్వాత మీ ఛాతీ చెబుతుంది, నేను రాస్తాను" అంది. నాకు ఆ జవాబు నచ్చింది. అబద్ధపు ధైర్యం చెప్పలేదు, భయపెట్టలేదు.

నేను ఆమెతో నా సంగతి ఒప్పుకున్నాను. మూడుసార్లు ఆయన ఏమన్నాడో, నేను ఏమన్నానో వరసగా చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె, "మీ ఇంగ్లీషు వినడం తేలిక, మల్లయ్యగారూ. అందుకే నేనూ అడగడం మానేశాను" అంది. చదువుకున్న మనిషి నా ముందు తన తప్పు చెప్పుకోవడం చూశాను. అలాంటివి నా ఉద్యోగంలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఆ తర్వాత రిసీవరు రోగి చేతికే ఇచ్చాను. మాట తడబడితే తడబడనిచ్చాను. "మంచిగున్న" అన్న మాటను మర్యాద కింద వదిలేసి, రెండోసారి అడగమని డాక్టరమ్మకు చెప్పాను. ఇంటి నుంచి వెంట వచ్చినవాళ్లను బెంచీ మీద వదలకుండా లోపలికి పిలిచాను, రోగి ఊ అంటేనే. రోగం రోగికి ఎంత తెలుసో, పక్క మంచం మీద పడుకునేవాళ్లకు అంత తెలుసు.

ఇక తట్టడం. అది నాకు ఓదెలన్నే నేర్పాడు. మందులు తీసుకోవడానికి వచ్చిన ప్రతిసారీ నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి బల్ల తట్టించేవాడు, గోడ తట్టించేవాడు, నీళ్లున్న కుండ పైనుంచి కిందికి తట్టించి నీటి మట్టం ఎక్కడుందో చెప్పమనేవాడు. తప్పు చెబితే, "గీ చెవులతోని నువ్వు బాయి దిగితే మొదటి దినమే ఖతం" అనేవాడు. నాలుగు నెలలకు కుండలో నీళ్లు కనిపెట్టాను. తర్వాత మనుషుల్లో కూడా ఇద్దరికి కనిపెట్టాను. ఫోనులో డాక్టరు ఉంటే చాలు అనుకునేవాళ్లకు చెబుతున్నాను. అటు తెలిసిన తల ఉండాలి, ఇటు తట్టే చెయ్యి ఉండాలి, నడుమ ఉన్నవాడు నోరు తగ్గించుకోవాలి. మిఠాయి తెచ్చిన అమ్మాయీ, వింటున్నావా? మీ తెర ఎంత పెద్దదైనా అది తట్టలేదు.

రెండో షిఫ్టు

ఆరు నెలలు నిండిన తర్వాత పెద్ద దవాఖానలో మళ్లీ ఫొటో తీశారు. డాక్టరమ్మ చూసి, పెద్దలకు చూపించి, ఫిట్ కాగితం ఇప్పించింది. మర్నాడే ఓదెలన్న రెండో షిఫ్టుకు తయారై, టోపీ, బూట్లతో మధ్యాహ్నం పన్నెండింటికి మా దవాఖానకు వచ్చాడు. డ్యూటీకి ఇంకా మూడు గంటలుంది. వెనకాలే లచ్చవ్వ, టిఫిన్ డబ్బాతో.

"మల్లయ్యా, డాక్టరమ్మను కలుపు. స్పీకరు పెట్టు."

"బెంచీ మీదోళ్లు అందరు ఇంటరు అన్నా."

"ఇననియ్యి."

కలిపాను. ఆయన అంగీ విప్పి, నాకు వీపు తిప్పి నిలబడ్డాడు. నేను తట్టుకుంటూ వచ్చాను. పైన, నడుమ, కింద. కుడి, ఎడమ. ఈసారి ఆయన చెప్పకముందే నాకు వినబడింది. అయినా నేను నోరు తెరవలేదు. అది ఆయన మాట, ఆయనే చెప్పాలి.

ముప్పై ఏళ్లు ఆ ఒక్క చప్పుడుకు భయపడి, అది వినబడ్డ చోట నుంచి పదిమందిని లాక్కొచ్చిన మనిషి, ఫోను వైపు వంగి వరండా మొత్తానికి వినబడేట్టు అరిచాడు:

"డాక్టరమ్మా, డొల్ల! ఎడమదిక్కు డొల్ల, కుడిదిక్కు డొల్ల, కింది దాక డొల్ల! ఒక్క కాడ గూడ గట్టి లేదు తల్లీ!"

బెంచీ మీదివాళ్లు ఆయనకు మతి పోయిందనుకున్నారు. లచ్చవ్వ డబ్బా మూత బిగించుకుంటూ గోడ వైపు తిరిగింది.

అటు డాక్టరమ్మ నవ్వుతూ అంది, "చాలా సంతోషమండి. వెళ్లి రండి. బాయి దిగాక మాత్రం పాత లెక్కే గుర్తు పెట్టుకోండి."